కాలును నిలిపిన కదలని మోకాలు

మోకాలు ఉన్నది వంగటానికి. కానీ దాన్ని కావాలనే వంగకుండా చేసే శస్త్రచికిత్స ఒకటుంది. తొడ ఎముకనూ, దాని కింది జంఘాస్థినీ ఒకే ఎముకగా అతికేలా చేస్తారు. దీని పేరు 'ఆర్థ్రోడెసిస్'. గ్రీకు భాషలో 'ఆర్థ్రాన్' అంటే కీలు, 'డెసిస్' అంటే కట్టివేయటం. కదలికను పోగొట్టటం వైద్యం ఎలా అయింది?

కీలులో సూక్ష్మజీవులు చేరి చీము పడితే, ఎముకల కొనలను కప్పి ఉండే నున్నని మృదులాస్థి నశిస్తుంది. దానికి రక్తనాళాలు లేవు కాబట్టి మళ్లీ సరిగా పెరగదు. సూక్ష్మజీవులను చంపే మందులు లేని రోజుల్లో ఈ జబ్బు ప్రాణం తీసేది. ప్రాణం దక్కాలంటే తొడ దగ్గర కాలు తీసేయటమే సర్జన్లకు తెలిసిన దారి.

1781లో ఇంగ్లండులోని లివర్‌పూల్ సర్జన్ హెన్రీ పార్క్ వేరే దారి తొక్కాడు. మోకాలు పాడైపోయిన ఒక నావికుడికి కాలు తీయకుండా, జబ్బుపడిన ఎముక కొనలను మాత్రమే కోసి తీసేశాడు. అప్పటికి మత్తుమందు లేదు. గాయం మానటానికి నెలలు పట్టింది. అయినా కాలు నిలిచింది, ఆ నావికుడు తిరిగి ఓడ ఎక్కాడు. 1783లో పార్క్ ఈ సంగతిని ప్రచురించినా, అంత బాధనూ, చీము ప్రమాదాన్నీ తట్టుకోగలవారు తక్కువ. 1846లో ఈథర్ మత్తు, 1867లో జోసెఫ్ లిస్టర్ క్రిమినాశక పద్ధతి వచ్చాకే ఈ దారి సుగమమైంది.

క్షయ క్రిమిని 1882లో రాబర్ట్ కాక్ గుర్తించాడు. కీళ్ల క్షయకు అప్పట్లో మందు లేదు. కదలని కీలులో నొప్పి, వాపు తగ్గుతాయని సర్జన్లు గమనించారు. 1911లో న్యూయార్క్ సర్జన్ రసెల్ హిబ్స్ మోకాలి చిప్పనే రెండు ఎముకల మధ్య వంతెనగా వాడాడు. అయినా రోగి నెలల తరబడి పిండికట్టుతో ఉండాల్సి వచ్చేది. 1932లో ఆల్బర్ట్ కీ, 1948లో జాన్ చార్న్‌లీ దీనికి ఉపాయం చూపారు. కీలుకు పైనా కిందా ఎముకల్లోంచి ఉక్కు కడ్డీలు దూర్చి, ఇరువైపులా మరలతో దగ్గరకు బిగించారు. అదిమి పట్టిన ఎముకల మధ్య సందు ఉండదు, కదలికా ఉండదు. అందువల్ల అవి త్వరగా అతుక్కుంటాయి.

1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నాక, క్షయను తొలిదశలో పట్టుకుంటే కీలు కదలికనే కాపాడటం సాధ్యమైంది. 1970ల నుంచి కృత్రిమ మోకాళ్లూ వ్యాపించాయి. ఇక ఆర్థ్రోడెసిస్ చరిత్రలో కలిసిపోతుందనిపించింది. కానీ కృత్రిమ కీలు లోహంపై సూక్ష్మజీవులు పొరలా అంటుకుంటే మందులు వాటిని పూర్తిగా తుడిచిపెట్టలేవు. కీలు మార్చినా చీము ఆగనప్పుడు, కాలు తీసేసే ముందు సర్జన్లు ఈ పాత పద్ధతినే ఆశ్రయిస్తున్నారు. ఎముక గూడులో పొడవాటి కడ్డీ వేసో, బయట చట్రం బిగించో ఎముకలను అతికిస్తున్నారు.

దీనికి చెల్లించే మూల్యం తక్కువేమీ కాదు. నొప్పి లేకుండా నిలబడవచ్చు, నడవవచ్చు. కానీ బాసింపట్టు వేసుకుని భోజనానికి కూర్చోలేరు, బస్సు సీటులో కాలు ముడవలేరు. నడకకు శ్రమ ఎక్కువ. అందుకే ఈ నిర్ణయం వైద్యుడొక్కడిదే కాదు, రోగిది కూడా.

ఈ చరిత్ర మనకు నేర్పే పాఠం ఒకటుంది. జ్వరంతో పాటు మోకాలు వాచి, వేడెక్కి, కదపలేనంత నొప్పి పుడితే పట్లు వేసుకుంటూ రోజులు గడపకూడదు. కీలును కాపాడుకునే అవకాశం ఆ మొదటి గంటల్లోనే, రోజుల్లోనే ఉంటుంది.