గాలి బిరుదుల నుంచి జంట కత్తుల దాకా

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట 1974లో వచ్చింది. మాంక్ పాత్ర ఆ మరుసటి ఏడాదే 'బ్లాక్‌మూర్' అనే అనుబంధ పుస్తకంతో అందులోకి అడుగుపెట్టింది. అమెరికాలో అప్పుడు టీవీలో 'కుంగ్ ఫూ' సీరియల్‌కూ, థియేటర్లలో బ్రూస్ లీ సినిమాలకూ మంచి ఊపు. కవచాలు తొడిగిన వీరులు, మంత్రగాళ్లు తిరిగే యూరప్ మధ్యయుగపు లోకంలోకి వట్టి చేతులతో పోరాడే తూర్పుదేశపు సన్యాసి వచ్చి చేరాడు.

అతని పేరుకు గాలి జతపడి కనిపిస్తుంది 1978 నాటి 'ప్లేయర్స్ హ్యాండ్‌బుక్'లో. గ్యారీ గైగాక్స్ రాసిన ఆ పుస్తకంలో లెవెల్ పెరిగినకొద్దీ మాంక్‌కు కొత్త బిరుదు దక్కుతుంది. 9వ లెవెల్‌లో ఉత్తరపు గాలికి అధిపతి, ఆపైన వరుసగా పడమటి, దక్షిణపు, తూర్పు గాలులకు. తర్వాత నాలుగు రుతువులు, చివరికి 17వ లెవెల్‌లో పూల మహాధిపతి. ఈ బిరుదులు ఊరికే రావు. 8వ లెవెల్ మాంక్‌లు లోకం మొత్తానికి ముగ్గురే, ఆపైన ఒక్కో బిరుదుకు ఒక్కరే. కావలసిన పాయింట్లు కూడబెట్టినా సరిపోదు. ఆ స్థానంలో ఉన్నవాడిని వెతికి పట్టుకుని, ఆయుధాలు లేకుండా ఒంటరి పోరులో గెలవాలి. ఓడితే కింది లెవెల్‌కు జారిపోవాలి. ఒక్క నియమంలోనే ఇంత కథ ఇమిడిన సందర్భాలు ఈ ఆట చరిత్రలో అరుదు.

అయితే అప్పట్లో గాలి బిరుదులోనే ఉండేది. సుడిగాలి రేపే శక్తి మాంక్‌కు లేదు. ఉన్నదల్లా ఒంటి తేలిక: లెవెల్‌తో పాటు పెరిగే వేగం, గోడ పక్కనుంటే 4వ లెవెల్‌లోనే 20 అడుగుల ఎత్తు నుంచి దెబ్బ తగలకుండా దిగే నేర్పు.

1985లో మాంక్‌ను 'ఓరియంటల్ అడ్వెంచర్స్' పుస్తకానికి తరలించారు. 1989లో వచ్చిన రెండో ఎడిషన్ ప్రధాన పుస్తకంలో అతనికి చోటే లేదు. తిరిగి వచ్చింది 2000లో, మూడో ఎడిషన్‌తో.

రెండు చేతులా ఆయుధం పట్టే పద్ధతి మాత్రం వేరే దారిలో ఎదిగింది. 1979 నాటి నియమాల్లో రెండు ఆయుధాలు పడితే మొదటి చేతి దెబ్బకు 2, రెండో చేతి దెబ్బకు 4 పాయింట్లు కోత పడేవి. 1988లో ఆర్.ఎ. సాల్వటోర్ నవల 'ది క్రిస్టల్ షార్డ్'లో జంట కత్తుల రేంజర్ డ్రిజ్ట్ కనిపించాడు. రెండో ఎడిషన్ ఆ కోత లేకుండా రేంజర్‌కు రెండు ఆయుధాలూ ఇచ్చింది. అలా జంట కత్తులు రేంజర్ సొత్తయ్యాయి.

2014 నాటి ఐదో ఎడిషన్‌లో గాలి బిరుదు స్థాయి దాటి ఆటలోకే దిగింది. ప్రతి మాంక్‌కూ 2వ లెవెల్‌లో 'స్టెప్ ఆఫ్ ది విండ్' దక్కుతుంది. 3వ లెవెల్‌లో నాలుగు భూతాల ఉపశాఖ (సబ్‌క్లాస్) ఎంచుకున్నవాడు ముందుకు పోయినకొద్దీ గాలితో శత్రువును తోసేయగలడు, 11వ లెవెల్ నుంచి ఎగరగలడు కూడా. జంట కత్తుల దగ్గరే చిక్కు వచ్చింది. రెండో కత్తి దెబ్బకు బోనస్ యాక్షన్ కావాలి, మాంక్ అదనపు పిడిగుద్దుకూ అదే కావాలి. ఒక వంతులో ఆ అవకాశం ఒక్కటే. మొదటి లెవెల్‌లో చురుకుదనం 16 ఉన్న మాంక్‌నే తీసుకుంటే, రెండో చేతి పొట్టి కత్తికి ఆరు ముఖాల పాచిక మాత్రమే, అంటే సగటున 3.5. పిడికిలికి నాలుగు ముఖాల పాచికే అయినా చురుకుదనం తెచ్చే 3 కలిసి 5.5 అవుతుంది. కత్తి కన్నా వట్టి చెయ్యే మేలైన చోట రెండో కత్తి ఎవరు పడతారు?

2016లో మూల నియమాలు బహిరంగ లైసెన్స్ కింద విడుదలయ్యాక, ఆటగాళ్లు సొంత సబ్‌క్లాస్‌లు రాసి పంచుకోవడం, అమ్ముకోవడం సులువైంది. గాలినీ జంట కత్తులనూ కలిపి మాంక్‌ను మలచేవారు ముందు తేల్చుకోవలసింది ఈ బోనస్ యాక్షన్ లెక్కనే. రెండో కత్తి దెబ్బను మొదటి దాడిలోనే కలిపేయడం ఒక దారి. వరుస పిడిగుద్దుల స్థానంలో కత్తి దెబ్బలను ఒప్పుకోవడం మరొకటి. మొదటిదే మేలు, ఎందుకంటే అప్పుడు బోనస్ యాక్షన్ మిగిలి మాంక్ 'స్టెప్ ఆఫ్ ది విండ్'తో గాలిలా కదలగలుగుతాడు. 2024 'ప్లేయర్స్ హ్యాండ్‌బుక్' కూడా ఆ దారే పట్టింది. 'నిక్' గుణమున్న బాకు చేతిలో ఉండి, దాన్ని వాడే నైపుణ్యం సంపాదించినవారికి రెండో దెబ్బ మొదటి దాడిలోనే కలిసిపోతుంది. ఆ నైపుణ్యం మాంక్‌కు పుట్టుకతో రాదు. దానికోసం ఒక ఫీట్ గానీ, ఫైటర్ లాంటి మరో క్లాస్‌లో ఒక లెవెల్ గానీ తీసుకోవాలి.