బాంబులు కురిసిన రెండు మైదానములు

వికారాబాదు జంక్షనులో నిలిచి చూచిన, వాడి నుండి తాండూరు మీదుగా సికింద్రాబాదునకు సాగు 1874 నాటి పాతమార్గమును, దాని నుండి చీలి బీదరు పీఠభూమి నెక్కు శాఖామార్గమును కనబడును. ఈ దారులను పట్టి వాయవ్యమునకు పోయిన బీదరు, తూర్పునకు పోయి సికింద్రాబాదు దాటిన ఓరుగల్లు చేరువ మామునూరు, నిజాము కాలపు రెండు విమానక్షేత్రములు ఎదురగును. ఒకే యుద్ధమున దెబ్బతిన్న ఆ రెంటిలో ఒకటి సైన్యపు శిక్షణాలయమై బ్రదికియుండగా, రెండవది దశాబ్దముల తరబడి నిర్వ్యాపారమై పడియుండినది.

నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కు విమానములపై మక్కువ కొత్తది కాదు. మొదటి ప్రపంచయుద్ధమున బ్రిటిషు వారి 110వ స్క్వాడ్రనుకు ఆయన సమకూర్చిన విమానముల కారణముననే ఆ దళమునకు ‘హైదరాబాదు’ అను పేరు కలిగినది. 1930లో మామునూరు క్షేత్రము వెలసినది. అయితే దానికి యుద్ధము సోకినది 1948లో. భారతదేశముతో యథాతథ ఒప్పందము సడలి, ఆయుధముల రాక నిలిచిపోగా, జర్మనీపై రహస్యముగా ఛాయాచిత్రములు తీసి పేరొందిన సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికుడు, కరాచీ నుండి లాంకాస్ట్రియన్ విమానములలో రాత్రివేళల తుపాకులను తెచ్చి హైదరాబాదు రాజ్యమున దింపసాగెను. ఆ దొంగరవాణాకు బీదరు, ఓరుగల్లు ఆశ్రయములైనవి.

కనుకనే సెప్టెంబరు 13న సైనికచర్య ఆరంభమైనంతనే భారత వాయుసేన టెంపెస్ట్ విమానములు ఈ క్షేత్రములపై బాంబులు కురిపించినవి. షోలాపూరు వైపు నుండి మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నేతృత్వమున బయలుదేరిన సేన నల్దుర్గము, హుమ్నాబాదు, జహీరాబాదుల మీదుగా చొచ్చుకొనిరాగా, 17వ తేదీ వేకువను బీదరు భారతసేన వశమైనది. ఆ సాయంకాలమే నిజాము లొంగిపోయెను. వికారాబాదునకు సమీపముననే సాగిన ఈ పోరాటమును మన ప్రాంతపు పాఠ్యపుస్తకములు ఒక్క వాక్యముతో ముగించుట నాకు న్యాయముగా తోచదు.

తరువాతి కథ వింతైనది. బీదరును వాయుసేన శిక్షణకు గైకొనగా, మామునూరున 1981తో విమానముల రాకపోకలు ఆగిపోయినవి. 2008లో తెరచిన శంషాబాదు విమానాశ్రయపు ఒప్పందమున, 150 కిలోమీటర్ల లోపల వేరొక విమానాశ్రయము పెరుగరాదను నిబంధన ఉండుటచే, ఈ రెండు చోట్లను పౌరవిమానములకు అడ్డంకి కలిగినది. బీదరునకు పౌరసేవలు 2020 ఫిబ్రవరిలో గాని రాలేదు. మామునూరునకు కేంద్రము 2025 ఫిబ్రవరిలో అనుమతి నిచ్చినది. రాష్ట్రప్రభుత్వము అంతకుముందే 253 ఎకరముల సేకరణకు 205 కోట్ల రూపాయలు మంజూరు చేసియున్నది.

భూములిచ్చు రైతులకు తగిన ధర ఎంత ముఖ్యమో, ఆ నేలపై మొదటి యంత్రము దిగకముందే పాత రన్‌వేను కొలిచి, చిత్రించి, 1948ని ఎరిగిన వృద్ధులుండిన వారి మాటలను వ్రాసిపెట్టుట అంత ముఖ్యము. ఆ పనికి పురావస్తుశాఖ ఇప్పుడే పూనుకొనవలెను.