ఎ.వి. రామారావు, హైదరాబాదులో హెచ్‌ఐవి ఔషధాల తయారీ చరిత్ర

ఎ.వి. రామారావు (జననం: 1935 ఏప్రిల్ 2, గుంటూరు) కర్బన రసాయన శాస్త్రజ్ఞులు. 1985 నుంచి 1995 వరకు హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థకు (ఐఐసీటీ) సంచాలకులుగా ఉన్న ఆయన, హెచ్‌ఐవికి వచ్చిన తొలి మందు జిడోవుడిన్‌ను (ఏజెడ్‌టి) మన దేశంలోనే తయారు చేసే పద్ధతిని రూపొందించిన బృందానికి నాయకత్వం వహించారు. ఒక వ్యాధికి మందు కనుగొనడం ఒక ఘట్టమైతే, ఆ మందును తక్కువ ఖర్చుతో, నమ్మకమైన నాణ్యతతో, టన్నుల కొద్దీ తయారు చేయగలగడం రెండో ఘట్టం. వైద్య చరిత్ర గ్రంథాలు మొదటిదానికి ఇచ్చినంత చోటు రెండోదానికి ఇవ్వవు గాని, బీద దేశాల రోగులకు ప్రాణం పోసింది ఈ రెండోదే. రామారావు కృషిని ఆ కోణంలోనే అంచనా వేయాలి.

విద్య, తొలి పరిశోధనలు

గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదివిన రామారావు, బొంబాయి విశ్వవిద్యాలయ రసాయన సాంకేతిక విభాగంలో 1960లో బీఎస్సీ (టెక్) పూర్తి చేసి, పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో (ఎన్‌సీఎల్) ప్రొఫెసర్ కె. వెంకటరామన్ వద్ద డాక్టరేటు పొందారు. వెంకటరామన్ రంగుల రసాయన శాస్త్రంలో ప్రపంచ ప్రసిద్ధులు. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద పెరిగే లక్క పురుగుల నుంచి వచ్చే ఎర్ర రంగులో ఏ అణువులున్నాయి, వాటి నిర్మాణం ఎలాంటిది అన్న పరిశోధనలో రామారావు గురువుగారితో కలిసి పనిచేశారు. 1975-77 మధ్య హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఇ.జె. కోరీ ప్రయోగశాలలో ఉన్నారు. తయారు కావలసిన సంక్లిష్ట అణువును కాగితం మీద ముక్కలుగా విడదీసుకుంటూ వెనక్కి నడిచి, చివరికి మార్కెట్లో దొరికే చిన్న అణువుల దాకా చేరుకుని, అదే దారిలో ప్రయోగశాలలో ముందుకు రావడమనే ఆలోచనా పద్ధతికి కోరీ శాస్త్రీయ రూపమిచ్చి, 1990లో నోబెల్ బహుమతి పొందారు.

పుణెకు తిరిగి వచ్చాక రామారావు బిళ్లగన్నేరు మొక్క నుంచి విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సరు మందులను వేరుచేసే పద్ధతిని అభివృద్ధి చేయగా, దానిని సిప్లా సంస్థ ఉత్పత్తికి తీసుకుంది. సిప్లాతోనూ, దాని అధిపతి యూసఫ్ హమీద్‌తోనూ ఏర్పడిన ఈ పరిచయమే తరువాతి కాలంలో హెచ్‌ఐవి మందులకు దారి తీసింది.

హైదరాబాదు నేపథ్యం

ఐఐసీటీ మూలాలు నిజాం ప్రభుత్వం 1944లో స్థాపించిన కేంద్ర ప్రయోగశాలల్లో ఉన్నాయి. 1956లో అది శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి కిందికి వచ్చి ప్రాంతీయ పరిశోధన ప్రయోగశాలగా మారింది. రామారావు సంచాలకులుగా ఉండగానే 1989లో ఇప్పటి పేరు పొందింది. నగరంలో ఔషధ పరిశ్రమ పెరగడానికి మరో రెండు కారణాలు తోడయ్యాయి. మొదటిది, సోవియట్ సహకారంతో నెలకొల్పిన ప్రభుత్వరంగ ఐడీపీఎల్ కర్మాగారం. బల్క్ డ్రగ్, అంటే మాత్రగా మారకముందు ఉండే ముడి ఔషధం, తయారీలో ఒక తరం తెలుగు రసాయన నిపుణులు అక్కడే చేయి తిరిగారు. డాక్టర్ రెడ్డీస్ సంస్థను 1984లో స్థాపించిన కె. అంజిరెడ్డి కూడా తొలుత అక్కడ పనిచేసినవారే. రెండోది, 1970 నాటి పేటెంట్ల చట్టం. ఆ చట్టం మందు అనే వస్తువు మీద కాక, దానిని తయారు చేసే పద్ధతి మీద మాత్రమే పేటెంటు ఇచ్చింది. కాబట్టి విదేశీ సంస్థ కనుగొన్న మందునైనా వేరొక దారిలో తయారు చేయగలిగితే ఇక్కడ అమ్ముకునే హక్కు ఉండేది. కొత్త దారి వెతకడమే రామారావు నేర్చిన విద్య కావడం వల్ల ఆయన నైపుణ్యానికి ఆ చట్టం అసాధారణమైన విలువ కల్పించింది.

జిడోవుడిన్

జిడోవుడిన్‌ను 1964లో అమెరికాలో జెరోమ్ హార్విట్జ్ క్యాన్సరు కోసం తయారు చేశారు గాని, అది ఆ వ్యాధికి పనికిరాక మూలనపడింది. 1983లో పారిస్ పాశ్చర్ సంస్థలో ఫ్రాన్స్వాజ్ బారే-సినూసి, లుక్ మాంటాన్యే బృందం ఎయిడ్స్ వైరస్‌ను గుర్తించిన తరువాత, 1985లో దానిపై ఈ పాత మందు పనిచేస్తుందని తేలింది. 1987 మార్చిలో అమెరికా అనుమతి లభించింది. ఏడాది చికిత్సకు వేల డాలర్లు పలికిన ఆ మందు అప్పటి ఖరీదైన మందుల్లో ఒకటి. భారతదేశంలో హెచ్‌ఐవి ఉన్నట్లు 1986లో మద్రాసు వైద్య కళాశాలకు చెందిన సునీతి సాలొమన్, సెల్లప్పన్ నిర్మల బయటపెట్టారు.

ఈ మందు పనిచేసే తీరు తెలిస్తే దాని తయారీలోని కష్టం తెలుస్తుంది. హెచ్‌ఐవి తన ఆర్‌ఎన్‌ఏను మనిషి కణంలో డీఎన్‌ఏగా మార్చుకుంటుంది. ఆ పని చేసే ఎంజైము డీఎన్‌ఏ ముక్కలను ఒకదానికొకటి కలుపుతూ పోతుంది. ఒక్కో ముక్కలోని చక్కెర భాగంలో మూడో కార్బన్ మీద ఉన్న హైడ్రాక్సిల్ సమూహమే తరువాతి ముక్కకు కొక్కెం. జిడోవుడిన్ చూడటానికి థైమిడిన్ అనే సహజమైన ముక్కలాగే ఉంటుంది గాని, ఆ కొక్కెం స్థానంలో మూడు నైట్రోజన్ పరమాణువుల అజైడో సమూహం ఉండటం వల్ల గొలుసు అక్కడితో ఆగిపోతుంది. అజైడో సమూహం సరైన స్థానంలోనే కాక సరైన దిశలోనూ అమరాలి. నేరుగా మార్పిడి చేస్తే అది వ్యతిరేక దిశకు తిరుగుతుంది కనుక, ఒకసారి తిప్పి మళ్లీ తిప్పే విధంగా చర్యలను వరుసగా పేర్చవలసి ఉంటుంది. అజైడు లవణాలు విషపూరితాలు, పేలుడు స్వభావం కలవి కాబట్టి గాజు కుప్పెలో నడిచిన చర్యను కర్మాగారపు రియాక్టరులో నడపడానికి ప్రత్యేక జాగ్రత్తలు కావాలి. పైగా తొలినాళ్లలో థైమిడిన్‌ను హెర్రింగ్ చేపల వీర్యం నుంచి తీయవలసి రావడంతో ముడిపదార్థమే అరుదైనది, ఖరీదైనది.

ఈ ఇబ్బందులన్నిటినీ దృష్టిలో ఉంచుకుని ఐఐసీటీ బృందం తయారీ పద్ధతిని రూపొందించి సిప్లాకు అందజేయగా, 1990ల తొలి అర్ధభాగంలో ఆ సంస్థ జిడోవుడిన్‌ను అంతర్జాతీయ ధరకంటే ఎంతో తక్కువకు విడుదల చేసింది. అయినా ఆనాటి సామాన్య కుటుంబం ఆ ధరను కూడా భరించలేకపోయింది. ప్రభుత్వ నిధులు నివారణకే పరిమితమై చికిత్సకు కేటాయింపు లేకపోవడంతో మందు ఉండి కూడా రోగికి అందలేదు. ఒక్క మందే వాడితే వైరస్ త్వరలోనే దానికి లొంగకుండా మారిపోతుందని కూడా ఈ కాలంలోనే స్పష్టమైంది. అయితే గర్భిణికి జిడోవుడిన్ ఇస్తే బిడ్డకు వైరస్ సోకడం 25.5 శాతం నుంచి 8.3 శాతానికి తగ్గుతుందని 1994లో వెలువడిన అమెరికా, ఫ్రాన్స్ అధ్యయనం రుజువు చేసింది.

మూడు మందుల చికిత్స, ఖమ్మం అనుబంధం

1996లో మూడు మందులను కలిపి వాడే చికిత్స మరణాలను బాగా తగ్గించగలదని ప్రపంచానికి తెలిసింది. దాని ఖర్చు ఏడాదికి పది వేల డాలర్లకు పైబడి ఉండగా, 2001 ఫిబ్రవరిలో సిప్లా 350 డాలర్లకే ఇస్తామని ప్రకటించింది. 2004 ఏప్రిల్ 1న భారత ప్రభుత్వం ఉచిత ఏఆర్‌టిని, అంటే వైరస్‌ను అణచి ఉంచే మందుల చికిత్సను, ప్రారంభించింది. వ్యాప్తి అధికంగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఈ దశలో హైదరాబాదు కంపెనీలు ముందుకొచ్చాయి. ఖమ్మం జిల్లా వేంసూరు మండలం కందుకూరులో పుట్టిన రసాయన శాస్త్రజ్ఞుడు బండి పార్థసారథిరెడ్డి 1993లో స్థాపించిన హెటిరో, 1986లో ఆరంభమైన అరబిందో ఫార్మా ఆఫ్రికా దేశాలకు సైతం హెచ్‌ఐవి మందులు సరఫరా చేసే పెద్ద ఉత్పత్తిదారులయ్యాయి. 2005 జనవరి 1 నుంచి మందు మీదనే పేటెంటు ఇచ్చే విధానం అమలులోకి రావడంతో కొత్త మందులకు అసలు సంస్థల లైసెన్సు తప్పనిసరైంది. ఆ పద్ధతిలోనే రోజుకు ఒక్క మాత్రగా టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్ కలిసిన చికిత్సను ఏడాదికి సుమారు 75 డాలర్లకు బీద దేశాలకు ఇచ్చే ఒప్పందం 2017లో కుదిరింది. ఏడాదికి రెండే ఇంజెక్షన్లతో వైరస్ సోకకుండా కాపాడే లెనకపవిర్‌ను 2027 నుంచి ఏడాదికి సుమారు 40 డాలర్లకు అందించే ఏర్పాటును 2025 సెప్టెంబరులో ప్రకటించగా, తయారీదారులుగా హెటిరో, డాక్టర్ రెడ్డీస్ పేర్లు అందులో ఉన్నాయి.

నేలకొండపల్లి నుంచి భద్రాచలం అడవి అంచు వరకు ఉన్న ఉమ్మడి ఖమ్మం ప్రాంతంలో ఈ చరిత్ర ప్రభుత్వాసుపత్రి ద్వారా అడుగుపెట్టింది. ఉచిత రక్తపరీక్ష, ఏఆర్‌టి కేంద్రంలో పేరు నమోదు, నెలనెలా మందుల డబ్బా అన్నవి కూలి కుటుంబానికి కూడా అందుబాటులోకి వచ్చాయి. ఈ రోగుల్లో తరచుగా కనిపించే క్షయ, హెచ్‌ఐవి చికిత్సను మరింత క్లిష్టం చేస్తుంది. క్షయకు వాడే రిఫాంపిసిన్, నెవిరపిన్ అనే హెచ్‌ఐవి మందు స్థాయిని శరీరంలో తగ్గించివేస్తుంది కనుక, అలాంటివారికి నెవిరపిన్ బదులు ఎఫవిరెంజ్ ఇచ్చేవారు. ఒకే రోగానికి రకరకాల మందులు చవకగా దొరకడం ఎంత అవసరమో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఇతర కృషి, అంచనా

మొండి బాక్టీరియాలపై వాడే వాంకోమైసిన్ నిర్మాణానికి సంబంధించిన సంశ్లేషణ పరిశోధనలు రామారావు శాస్త్రీయ కృషిలో ముఖ్యమైనవి. వందకు పైగా విద్యార్థులు ఆయన వద్ద డాక్టరేట్లు పొందారు. 1995లో పదవీ విరమణ చేశాక ఆయన హైదరాబాదులో అవ్రా లేబొరేటరీస్‌ను స్థాపించారు. ప్రభుత్వం 1991లో పద్మశ్రీతో, 2016లో పద్మభూషణ్‌తో సత్కరించింది.

జిడోవుడిన్ ఉదంతంలో ప్రభుత్వ ప్రయోగశాల విద్యను సమకూర్చింది, చట్టం దారి ఇచ్చింది, పరిశ్రమ ఉత్పత్తి చేసింది; చివరికి ప్రభుత్వం కొని ఉచితంగా పంచినప్పుడే అది ప్రజల మందు అయింది. మందు సిద్ధమయ్యాక ఉచిత చికిత్స మొదలయ్యేలోపు గడిచిన దశాబ్దంలో ఎందరో రోగులు చికిత్స లేకుండానే మరణించారు. ఈ నాలుగు అంగాలలో ఏ ఒక్కటి ఆలస్యమైనా మూల్యం చెల్లించేది రోగులేనని ఆ దశాబ్దం నిరూపించింది.