పరాయి కంపెనీ, స్థానిక చిరునామా

టెక్సాస్‌లో డాలస్ సమీపంలోని గిబ్స్ స్టేషన్ అనే రైలు మజిలీకి 1892లో కాపెల్ అని పేరు మార్చారు. జార్జ్ కాపెల్ రైలు మార్గాలలో పెట్టుబడులున్న వ్యాపారి. బయటి ధనంతో వచ్చిన రైలు ఊరికి పేరు కూడా తెచ్చిపెట్టింది. ఇప్పుడు విమానాశ్రయం పక్కన ఉన్న ఈ పట్టణంలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వారిలో ఎవరైనా డెలావేర్‌లో కంపెనీ స్థాపించి కాపెల్‌లో వ్యాపారం నడిపితే, టెక్సాస్ చట్టం దృష్టిలో అది ‘ఫారిన్’ సంస్థ. అది రాష్ట్రంలో నమోదు కావాలి, ఇక్కడ ఒక రిజిస్టర్డ్ ఏజెంటును నియమించుకోవాలి. ఒకే దేశంలో ఒక రాష్ట్రపు కంపెనీ మరొక రాష్ట్రానికి పరాయిది ఎందుకైంది?

బయటి కంపెనీ స్థానిక ప్రభువు అనుమతి కోరడం తెలుగునేలకు కొత్త విషయం కాదు. 1611లో మచిలీపట్నంలో వర్తకస్థావరం నెలకొల్పిన ఈస్టిండియా కంపెనీ, 1632లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా నుంచి ఫర్మానా పొందింది. ఏటా 500 పగోడాల సుంకం చెల్లించి గోల్కొండ రేవులలో వర్తకం చేసుకోవచ్చునని దాని సారాంశం. ఇంగ్లండు రాణి ఇచ్చిన పత్రం కంపెనీకి పుట్టుకనిచ్చిందే గాని, గోల్కొండలో హక్కునివ్వలేదు.

అమెరికా న్యాయస్థానాలు కూడా కంపెనీని ఈ దృష్టితోనే చూశాయి. జార్జియాలోని బ్యాంక్ ఆఫ్ అగస్టా, అలబామాలో కొన్న హుండీలకు సొమ్ము రాక దావా వేసింది. పరాయి రాష్ట్రపు బ్యాంకు అలబామాలో ఒప్పందం చేసుకోజాలదని ప్రతివాది ఎర్ల్ వాదించాడు. 1839లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ మధ్యేమార్గం చూపాడు. కంపెనీ తనను సృష్టించిన రాష్ట్రాన్ని విడిచి వలసపోలేదు; అయితే ఇరుగుపొరుగు రాష్ట్రాల మర్యాదను బట్టి, నిషేధం లేనంతవరకు బయట ఒప్పందాలు చేసుకోవచ్చు. బ్యాంకు గెలిచింది. కాని మర్యాదగా ఇచ్చినదానికి షరతులు పెట్టే అధికారం రాష్ట్రాలకు దక్కింది.

షరతులు మొదట బీమా రంగంలో బిగుసుకున్నాయి. ఊరూరా పాలసీలు అమ్మిన కంపెనీ, ఇల్లు కాలిన రోజున వేరే రాష్ట్రంలో ఉంటే బాధితుడు ఎవరిమీద దావా వేయాలి? కోర్టు తాఖీదు రాష్ట్ర సరిహద్దు దాటి చెల్లని కాలమది. అందుకే ‘మా రాష్ట్రంలో వ్యాపారం చేయాలంటే, తాఖీదు అందుకునే మనిషిని ఇక్కడ ఉంచాలి’ అని రాష్ట్రాలు శాసించాయి. న్యూయార్క్ బీమా కంపెనీల తరఫున వర్జీనియాలో లైసెన్సు లేకుండా పాలసీ అమ్మిన శామ్యూల్ పాల్‌కు పడిన 50 డాలర్ల జరిమానాను 1869లో సుప్రీంకోర్టు సమర్థించింది. పౌరులకు రాజ్యాంగం ఇచ్చే రక్షణలను కంపెనీ కోరజాలదని తేల్చింది.

టెక్సాస్‌లో ఈ అనుమతి ఎంత పదునైన ఆయుధమో వాటర్స్-పియర్స్ ఆయిల్ కంపెనీకి తెలిసివచ్చింది. మిస్సోరీకి చెందిన ఆ కిరోసిన్ కంపెనీ 1889లో టెక్సాస్ పర్మిట్ పొందింది. గుత్తాధిపత్య నిషేధ చట్టాన్ని ఉల్లంఘించినందుకు రాష్ట్రం ఆ పర్మిట్‌ను రద్దు చేయించగా, 1900లో సుప్రీంకోర్టు దానిని ఖాయపరచింది. కంపెనీ అదే సంవత్సరం మిస్సోరీలో పునర్జన్మ ఎత్తి, ఏ ట్రస్టుతోనూ సంబంధం లేదని ప్రమాణం చేసి, కొత్త పర్మిట్‌తో తిరిగివచ్చింది. తరువాత దాని వాటాలలో అత్యధికభాగం స్టాండర్డ్ ఆయిల్‌దేనని బయటపడింది. 1909లో 16,23,900 డాలర్ల జరిమానా, రాష్ట్ర బహిష్కారం రెండూ ఖాయమయ్యాయి.

1945లో ఇంటర్నేషనల్ షూ తీర్పు ఈ వ్యవస్థకు ఆధారమైన సిద్ధాంతాన్ని మార్చింది. రాష్ట్రంతో కనీస సంబంధం ఉండి, వివాదం ఆ సంబంధం నుంచి పుడితే చాలు, ఏజెంటు లేకున్నా కంపెనీని కోర్టుకు పిలవవచ్చు. అయినా ఏజెంటు వ్యవస్థ పోలేదు. తాఖీదు ఎవరి చేతికి ఇవ్వాలన్న ప్రశ్న మిగిలే ఉంది కదా! పైగా నమోదుకు కొత్త బరువు కూడా తోడైంది. పెన్సిల్వేనియాలో నమోదైన కంపెనీపై, ఆ రాష్ట్రంతో సంబంధంలేని వివాదానికి సైతం అక్కడ దావా వేయవచ్చన్న ఆ రాష్ట్ర చట్టాన్ని 2023లో మాలరీ కేసులో సుప్రీంకోర్టు 5-4 ఆధిక్యంతో నిలబెట్టింది.

నేటి టెక్సాస్ చట్టంలో ఈ చరిత్ర పొరలన్నీ కనిపిస్తాయి. రాష్ట్రంలో బ్యాంకు ఖాతా ఉండడం, డైరెక్టర్ల సమావేశం జరపడం వంటివి మాత్రమే అయితే నమోదు అవసరం లేదు. నిజంగా వ్యాపారం చేస్తూ నమోదు కాని కంపెనీ కుదుర్చుకున్న ఒప్పందాలు చెల్లుతాయి. దానిపై ఇతరులు దావా వేయవచ్చు. ఆ వ్యాపారంపై తాను మాత్రం నమోదు అయ్యేవరకు టెక్సాస్ కోర్టులో దావా నడపలేదు. బకాయి పడ్డ క్లయింటుమీద చర్య తీసుకోవలసిన రోజున ఈ లోటు బయటపడుతుంది. ఏజెంటుగా టెక్సాస్ నివాసి ఎవరైనా, యజమానైనా, ఉండవచ్చు. కంపెనీ తనకు తానే ఏజెంటు కాజాలదు. ఏజెంటు సమ్మతి కావాలి; చిరునామా కేవలం పోస్టుబాక్సు కారాదు. ఏజెంటు దొరకనప్పుడు రాష్ట్ర కార్యదర్శి తాఖీదు అందుకుంటాడు. పాత చిరునామాకు వెళ్ళిన కాగితం యజమాని కంటపడకపోతే, అతని వాదన వినకుండానే తీర్పు రావచ్చు.

భారతదేశపు 2013 కంపెనీల చట్టం 380వ సెక్షను కూడా విదేశీ కంపెనీ నుంచి, నోటీసులు స్వీకరించే భారత నివాసి పేరు, చిరునామా కోరుతుంది. గోల్కొండ ఫర్మానా ప్రభువుకు సుంకాన్ని సమకూర్చింది. ఏజెంటు నియమం మాత్రం, కంపెనీ చేతిలో నష్టపోయిన సామాన్యునికి తట్టడానికి ఒక తలుపును సమకూర్చింది. కాపెల్‌లోని చిన్న సంస్థ నింపే దరఖాస్తులో ఏజెంటు చిరునామా గడి ఆ తలుపే.