దిగిపోవడానికి పన్నెండేళ్ళు

ఈమధ్య ఎవరిని కదిపినా "వదిలేయడం" గురించే చెబుతున్నారు. పట్టుకున్నది వదులు, నిన్ను నువ్వు ఉన్నట్టుగా ఒప్పుకో, ఈ క్షణంలో ఉండు. వినడానికి హాయిగానే ఉంటాయి. మస్కట్‌లో చాలా ఏళ్ళుగా ఉంటున్న నాకు మాత్రం ఆ మాటలు వినబడినప్పుడల్లా గుర్తొచ్చేది యోగీ కాదు, సూఫీ కాదు. అప్పుల్లో మునిగి, గద్దె దిగిపోతాను మొర్రో అని మొత్తుకున్న ఒక సుల్తాను. పేరు తైమూర్ బిన్ ఫైసల్. ఇప్పటి ఒమన్ సుల్తాను హైతమ్‌కి తాతగారు. ఇక్కడ ఆయన్ని పెద్దగా ఎవరూ తలుచుకోరు. ఆయన మనవడు కాబూస్ పేరు మీద మసీదులు, విశ్వవిద్యాలయం, రోడ్లు, రేవులు ఉన్నాయి. తాతగారిది పాత ఫోటోల్లో ఒక తలపాగా, ఒక గడ్డం, అంతే.

1913 అక్టోబర్‌లో తండ్రి పోయి తైమూర్ గద్దెనెక్కేసరికే ఇల్లు తగలబడుతోంది. ఆ ఏడాదే లోపలి కొండప్రాంతపు తెగలన్నీ కలిసి తమకంటూ ఒక ఇమామ్‌ను ఎన్నుకుని సుల్తాను మీద తిరగబడ్డాయి. 1915 జనవరిలో మూడువేల మంది దాకా మస్కట్ మీదికి వచ్చారు. వాళ్ళను బైత్ అల్ ఫలజ్ కోట దగ్గర ఆపింది సుల్తాను సైన్యం కాదు, బ్రిటిష్ ఇండియా పటాలాలు. అందులో ఒకటి 95వ రస్సెల్స్ ఇన్‌ఫంట్రీ. ఆ రస్సెల్ ఎవరో కాదు, హైదరాబాద్‌లో రెసిడెంటుగా పనిచేసిన హెన్రీ రస్సెల్. నిజాం కోసమని ఆయన హయాంలో హైదరాబాద్‌లో పుట్టిన పటాలం, వందేళ్ళ తరవాత ఇక్కడికొచ్చి ఒక అరబ్బు రాజు కుర్చీని కాపాడింది. ఆ కోట ఇప్పుడు సైనిక మ్యూజియం. మనవాళ్ళు సెలవురోజు కూరగాయలకీ, ఇంటికి డబ్బు పంపడానికీ తిరిగే రూవీలోనే ఉంది. ఎంతమంది దాని పక్కనుంచి పోతుంటారో, ఎంతమంది లోపలికెళ్ళారో నాకు తెలుసు. ఆ సంగతి వదిలేద్దాం.

కుర్చీ అయితే మిగిలింది గానీ కూర్చున్నవాడికి అందులో సుఖం లేదు. ఖజానాలో డబ్బు లేదు, వర్తకుల దగ్గర అప్పులు. బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం అప్పు ఇచ్చి ఆ అప్పులు తీర్పించింది, బదులుగా కస్టమ్స్ రాబడి మీదా పాలన మీదా చెయ్యి వేసింది. 1920 సెప్టెంబర్ 25న సీబ్ దగ్గర ఒప్పందం జరిగింది. తీరం సుల్తానుది, లోపలి కొండలూ నిజ్వా పట్నమూ ఇమామ్‌వి అన్నట్టుగా దేశం రెండు ముక్కలైంది. తన తాతముత్తాతల దేశంలో సగానికి పైగా తనది కాదని తైమూర్ ఒప్పుకున్నాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే మిగతాది కూడా నాకొద్దు, దిగిపోతాను అన్నాడు. దిగడానికి వీల్లేదన్నారు బ్రిటిష్ వాళ్ళు. వారసుడు సయీద్‌కి అప్పటికి పదేళ్ళు. రాజు సంతకం ఉంటేనే వాళ్ళ ఒప్పందాలు నడుస్తాయి. రాజుకి రాజ్యం అక్కర్లేకపోయినా రాజ్యానికి రాజు కావాలి మరి.

అందుకని ఆయన సగం దిగాడు. మంత్రుల మండలి ఒకటి పాలన చూసుకుంటుంటే తను ఎక్కువ కాలం ఇండియాలో గడిపేవాడు. 1925 నుంచి బెర్ట్రమ్ థామస్ అనే ఆంగ్లేయుడు ఆర్థిక వ్యవహారాలు చూశాడు. ఈయనే తరవాత రుబ్ అల్ ఖాలీ ఎడారిని దాటిన మొదటి యూరోపియన్‌గా పేరు తెచ్చుకున్నాడు. కొడుకు అజ్మీర్‌లో మేయో కాలేజీలో చదువుకున్నాడు. పేరుకి రాజు, ఉండేది పరాయి ఊళ్ళో. ఇక్కడున్న మనవాళ్ళకి ఈ స్థితి కొత్తగా చెప్పక్కర్లేదు. "వచ్చే ఏడాది క్యాన్సిల్ చేసుకుని వెళ్ళిపోతాం" అని పదిహేనేళ్ళుగా అంటున్నవాళ్ళు ప్రతి బిల్డింగులోనూ ఉన్నారు. కూతురి పెళ్ళి అవనీ, ఇంటి స్లాబు పడనీ, బ్యాంకు లోను తీరనీ. మనసు ఎప్పుడో ఊరెళ్ళిపోతుంది, మనిషి ఇక్కడుంటాడు. వదిలేయాలనుకోవడం ఒక్క క్షణం పని. వదలడానికి ఎంతమంది ఒప్పుకోవాలో ధ్యానం నేర్పేవాళ్ళు చెప్పరు.

చివరికి 1932 ఫిబ్రవరి 10న, ఇరవయ్యొక్కేళ్ళ సయీద్ సుల్తాను అయ్యాడు. తైమూర్‌కి అప్పటికి నలభై ఆరేళ్ళు. మొదట అడిగి పన్నెండేళ్ళు.

దిగిన తరవాత ఆయన ఏం చేశాడన్నదే నాకు ఇష్టమైన భాగం. తపస్సు చేయలేదు, పశ్చాత్తాపపు పుస్తకమూ రాయలేదు. ఓడెక్కి తిరిగాడు. జపాన్‌లో కోబె రేవు పట్నంలో కియోకో ఒయామా అనే అమ్మాయిని ఇష్టపడి 1936లో పెళ్ళి చేసుకుని అక్కడే కాపురం పెట్టాడు. మరుసటి ఏడాది కూతురు పుట్టింది. జపనీసు పేరు సెత్సుకో, అరబ్బు పేరు బుసైనా. 1937 చివర్లో ప్రపంచయాత్రకు బయలుదేరిన కొడుకు సయీద్ కోబెలో ఆగి తండ్రిని కలిశాడు. రాజ్యం మోస్తున్న కొడుకు, దించుకున్న తండ్రి. ఆ ఇద్దరూ ఏం మాట్లాడుకుని ఉంటారా అని నేను చాలాసార్లు ఊహించుకున్నాను. ఊహ ఊహే కాబట్టి ఇక్కడ రాయను.

1939లో కియోకో చనిపోయింది. తైమూర్ చిన్నపిల్లని తీసుకుని జపాన్ వదిలాడు. బుసైనా మస్కట్‌లో పెరిగింది. పెద్దయ్యాక ఒకసారి జపాన్ వెళ్ళి తల్లి సమాధి చూసి వచ్చింది. తైమూర్ బొంబాయిలో ఉండిపోయి 1965లో అక్కడే కన్నుమూశాడు. రాజ్యాన్ని అంత తేలిగ్గా వదిలినవాడికి దుఃఖం రాకుండా పోలేదు. సింహాసనం వదిలితే బరువు తగ్గింది, భార్య పోతే తగ్గలేదు. రెంటినీ ఒకే మాటతో చెప్పడం నాకు సమ్మతం కాదు.

ఇక్కడితో ఆపితే కథ అందంగా ఉంటుంది. కానీ ఆయన దించిన బరువు నేలమీద పడలేదు, కొడుకు నెత్తిన పడింది. సయీద్‌కి వారసత్వంగా వచ్చింది కిరీటం కాదు, అప్పుల చిట్టా. ఆయన పైసా పైసా లెక్క చూసి అప్పులు తీర్చాడు, బ్రిటిష్ సలహాదారుల పట్టు సడలించాడు, యాభైల్లో బ్రిటిష్ సాయంతోనే లోపలి ప్రాంతాన్నీ మళ్ళీ కలుపుకున్నాడు. ఆ తరవాత ఆయన పిడికిలి తెరుచుకోలేదు. 1958లో సలాలా వెళ్ళి మళ్ళీ మస్కట్ ముఖం చూడలేదు. 1967లో చమురు ఎగుమతి మొదలై డబ్బు వచ్చాక కూడా చెయ్యి బిగించే ఉంచాడు. 1968 మొదట్లో తన ఆర్థిక చరిత్ర వివరిస్తూ ప్రజలకు ఒక ప్రకటన రాశాడు. అందులోనూ ఆయన మొదలుపెట్టింది 1932 నాటి అప్పుల దగ్గర్నుంచే! 1970 నాటికి దేశం మొత్తానికి మూడు బడులు, పది కిలోమీటర్ల తారు రోడ్డు. ఇంగ్లండులో చదివి వచ్చిన ఒక్కగానొక్క కొడుకు కాబూస్‌ని సలాలాలో ఇంట్లోంచి కదలనివ్వలేదు. 1970 జూలై 23న ఆ కొడుకే తండ్రిని దించాడు. పెనుగులాటలో తన తుపాకీ తనకే పేలి గాయపడిన సయీద్ గద్దె వదులుతున్నట్టు సంతకం పెట్టి విమానమెక్కాడు. రెండేళ్ళకు లండన్‌లో పోయాడు.

సయీద్‌ని పిసినారి, మూర్ఖుడు అని తిట్టడం ఇక్కడ తేలిక. నాకు ఆయనలో తండ్రి అప్పులు చూసి భయపడిపోయిన ఇరవయ్యొక్కేళ్ళ కుర్రవాడే కనబడతాడు. తండ్రి తనని తాను ఒప్పుకున్నాడు, నేను రాజుగా పనికిరానని. అందుకు నేను ఆయన్ని గౌరవిస్తాను. ఆ ఒప్పుకోలు ఖరీదులో కొంత కొడుకు కట్టాడు, ఇంకొంత బడి లేని ఊళ్ళలో పిల్లలు కట్టారు.

మనవడు కాబూస్ 2020 జనవరి 10న చనిపోయే దాకా గద్దె మీదే ఉన్నాడు. ఆయనకి పిల్లలు లేరు. వారసుడి పేరు రాసి కవరులో పెట్టి మూసి ఉంచాడు. కుటుంబం మూడు రోజుల్లో ఎవరినైనా ఎంచుకోవచ్చు, కుదరకపోతేనే కవరు విప్పాలని అప్పట్లో రూలు. వాళ్ళు ఆ హక్కు వాడుకోకుండా మర్నాడే కవరు విప్పారు. అందులో ఉన్న పేరు హైతమ్, తైమూర్ ఇంకో కొడుకు తారిఖ్‌కి కొడుకు.

వదిలేటప్పుడు అందుకునే చెయ్యి ఒకటి ఉందా లేదా అన్నది ఈ దేశంలో రాజుల కన్నా రైతులు ముందు నుంచీ పట్టించుకున్నట్టున్నారు. బైత్ అల్ ఫలజ్ అంటే ఫలజ్ ఇల్లు. ఫలజ్ అంటే కొండల అడుగున ఊరే నీటిని వాలు మీద ఊళ్ళోకి తెచ్చే కాలువ. ఇప్పటికీ మూడువేల దాకా పారుతున్నాయి. వాటిలో ఐదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. తైమూర్ వదులుకున్న నిజ్వాలోని ఫలజ్ దారిస్ అందులో ఒకటి. నీళ్ళు ముందు మనుషులు తాగడానికి, తరవాత మసీదుకి, ఆ తరవాతే ఖర్జూర తోటలకి. తోటల వంతుని అథర్ లెక్కన కొలుస్తారు, ఒక అథర్ అంటే దాదాపు అరగంట. పగలు నేలలో పాతిన కర్ర నీడ చూసి, రాత్రి నక్షత్రాలు చూసి లెక్క కట్టేవారు. ఇప్పుడు చాలాచోట్ల చేతి గడియారమే. నీడ గీత దగ్గరికొచ్చేసరికి పక్క తోట మనిషి పార పట్టుకుని గట్టు మీద నిలబడి ఉంటాడు. ఈయన తన మడికి వెళ్ళే దారి మూస్తాడు, ఆయన తన దారి తెరుస్తాడు. ఈ చెట్ల మొదళ్ళలో నీళ్ళింకా ఇంకుతూనే ఉంటాయి.