లేని విమానానికి ఉండాల్సిన లోపాలు

ఫ్లైట్ సిమ్యులేటర్ ఆటల కోసం ఎన్నడూ తయారుకాని విమానాలనూ రూపొందిస్తుంటారు. పాతకాలపు బ్రిటిష్ శిక్షణ విమానం అలాంటి కల్పనకు అనువైన వస్తువు. నిజమైన విమానమైతే దాని మాన్యువల్‌లోని అంకెలతో ఆటలోని ప్రవర్తనను సరిచూడొచ్చు. కల్పిత విమానానికి ఆ వీలు లేదు. అప్పుడు దాన్ని దేన్నిబట్టి నమ్మాలి? నాటి అసలు విమానాలను పరిశీలిస్తే ఒక ఆధారం కనిపిస్తుంది: వాటి ఆకారంలోని వంకరల వెనుక తరచూ ఏదో ఒక చిక్కు ఉంది.

1931 అక్టోబరు 26న తొలిసారి ఎగిరిన డి హావిలాండ్ టైగర్ మాత్‌నే తీసుకుందాం. దాని రెక్కలు వెనక్కి వాలి ఉంటాయి. గంటకు 110 మైళ్లు కూడా అందుకోని విమానానికి అది వేగం కోసమని అనుకోలేం. అంతకుముందరి మాత్‌లో పై రెక్క, అందులోని పెట్రోలు ట్యాంకు ముందు సీటుకు నెత్తిమీదే ఉండేవి. పారాచూట్ కట్టుకుని ఆ సీటులో కూర్చున్న శిక్షకుడు ఆపదలో బయటపడటం కష్టం. అందుకని పై రెక్క మధ్యభాగాన్ని ముందుకు జరిపారు. దాంతో లిఫ్ట్ (రెక్కలు పైకెత్తే బలం) కూడా ముందుకు జరిగి, బరువుతో పొంతన చెడుతుంది. ఆ తూకం నిలపడానికి రెక్కలను వెనక్కి వాల్చారు. అలా వాల్చేసరికి కింది రెక్క కొసలు నేలకు దగ్గరయ్యాయి. వాటిని కాస్త పైకెత్తాల్సి వచ్చింది. ఒక్క పారాచూట్ ఇంత పని చేసింది!

స్పిన్, అంటే స్టాలై (రెక్కలు లిఫ్ట్ కోల్పోయి) విమానం గిరగిరా తిరుగుతూ పడిపోవడం, సంగతి ఇంకా చిక్కైనది. స్పిన్ నుంచి తేరుకోవడం కోసం రెండో ప్రపంచ యుద్ధ కాలంలో టైగర్ మాత్ తోక దగ్గర సన్నని పట్టీలు అమర్చారు. మైల్స్ మాజిస్టర్ అనే మరో శిక్షణ విమానం తోకనూ ఈ కారణంగానే సవరించారు. 1946లో ఎగిరిన పెర్సివల్ ప్రెంటిస్‌కీ ఆ తిప్పలు తప్పలేదు. మూడు ఉదాహరణలతో సూత్రం కట్టలేం గానీ, తొలి నమూనా నుంచే మచ్చలేకుండా స్పిన్ నుంచి తేరుకునే కల్పిత విమానాన్ని కాస్త అనుమానించడం న్యాయమే.

ఇక్కడ సాఫ్ట్‌వేర్ పరిమితి కూడా ఉంది. ఎక్స్-ప్లేన్ అనే ఫ్లైట్ సిమ్యులేటర్ రెక్కను చిన్న ముక్కలుగా విడదీసి, ఒక్కొక్క ముక్క మీద పడే బలాన్ని లెక్కిస్తుంది. మామూలుగా ఎగురుతున్నంతసేపు ఈ పద్ధతి బాగానే పనిచేస్తుంది. స్టాల్ దాటాక గాలి రెక్కను వదిలి సుళ్లు తిరుగుతుంది కాబట్టి, ఆ లెక్కను అంతే ధీమాగా నమ్మలేం. అక్కడ విమానం ఎలా ప్రవర్తించాలన్నది చాలావరకు రూపకర్త ఎంపిక.

స్పిన్ కంటే తేలికగా పరీక్షించగలిగే అంశాలూ ఉన్నాయి. టైగర్ మాత్‌కు విమానాన్ని పక్కకు వాల్చే ఎయిలరాన్లు కింది రెక్కలకే ఉంటాయి. రడ్డర్ తొక్కకుండా వాటితోనే తిప్పితే మలుపు శుభ్రంగా రాదు. మామూలు టైగర్ మాత్‌కు బ్రేకులు లేవు, తోక కింద చక్రం బదులు స్కిడ్ ఉంటుంది, కాబట్టి దానికి పచ్చిక మైదానమే అనువు. ఆటగాళ్లు మాత్రం నున్నటి తారు రన్‌వే మీదే దించుతారనుకోండి! ఒంటరిగా ఎగిరేవాడు కూర్చునేది వెనుక సీటులో. ముందు సీటు గరిమనాభికి దగ్గర కాబట్టి అది ఖాళీగా ఉన్నా తూకం పెద్దగా చెడదు. ఆ అమరికనే అనుకరించిన కల్పిత విమానంలో ఒంటరి పైలట్‌ను ముందు కూర్చోబెడితే, ముక్కు బరువెక్కినట్టు కంట్రోల్ స్టిక్‌లో తెలియాలి.