తిరుగుడు కత్తి, ఎగిరెడు రాయి

కొడవలితో గడ్డి కోయు మనిషి ఎడమచేత పిడికెడు గడ్డిని పట్టుకొని, కుడిచేత కొడవలిని తనవైపు లాగును. ఇచట కత్తి ఒక్కటే అయినను నిజమునకు పనిముట్లు రెండు. పట్టుకొన్న చేయి రెండవది. ఆ చేయి లేనిచో గడ్డి వంగునే గాని తెగదు. కత్తెరలో ఆ చేతి పనిని రెండవ అలుగు చేయును. గడ్డికోత యంత్రములు పుట్టిన పిదప సుమారు నూరేండ్ల పాటు ఈ కత్తెర సూత్రముపైననే నడచినవి. దానిని విడిచి, ఒంటి కత్తితో గడ్డిని నరుకుట నేర్చిన నాటినుండియే పొలములో రాళ్ళు ఎగురుట మొదలైనది.

ఈ వ్యాసమునకు విషయమైన యంత్రము ట్రాక్టరు వెనుక తగిలించునది. నేలను దున్ని గుల్లచేయు రోటవేటరు వేరు, ఇది వేరు. నేలకు జానెడెత్తున, బోర్లించిన ఇనుప పళ్ళెమువంటి కప్పు క్రింద, నిలువు ఇరుసు చుట్టును తిరుగుచు గడ్డిని, పొదలను నరికెడి యంత్రమిది. మనవైపు దీనిని స్లాషరు అందురు.

ఇంగ్లండులో స్ట్రౌడ్ పట్టణ ప్రాంతము ఉన్ని బట్టలకు పేరుపొందినది. నేసిన బట్టపై లేచియుండు నూగును సమముగా కత్తిరించుటకు అచటి మిల్లులలో ఒక యంత్రముండెడిది. మెలిక తిరిగిన కత్తులు గల రోలరు ఒకటి తిరుగుచు, క్రింద కదలక యుండు అలుగును ఒరసికొని నూగును కత్తిరించును. ఎడ్విన్ బియర్డ్ బడ్డింగ్ అను యంత్రజ్ఞుడు ఈ సూత్రమునే పచ్చికబయలునకు అన్వయించి, 1830లో గడ్డి కత్తిరించు యంత్రమునకు పేటెంటు పొందెను. బట్టపై నూగునకును, నేలపై గడ్డికిని భేదము లేదని తోచుటయే ఆయన ప్రతిభ. పెద్ద పొలముల విషయమున అమెరికాలో ఓబెడ్ హస్సీ 1833లోను, సైరస్ మెకార్మిక్ 1834లోను పైరుకోత యంత్రములకు పేటెంట్లు పొందిరి. త్రికోణాకారపు పండ్లు గల పట్టీ ఇనుప వ్రేళ్ళ సందులలో ఇటునటు ఆడుచు కాడలను కత్తిరించుట హస్సీ పద్ధతి. గుఱ్ఱముల నాటి ఆ పట్టీకత్తి ట్రాక్టరు వచ్చిన తరువాతను చాలకాలము నిలిచినది.

పట్టీకత్తి వేగము సెకనుకు రెండు మూడు మీటర్లు. రాయి అడ్డుపడినచో పట్టీ ఆగును, లేదా పన్ను విరుగును. రాయి మాత్రము ఉన్నచోటనే యుండును. ఇది సాధుయంత్రమని నా భావము కాదు. దాని ముందు పడిన కాలిని అది విడువదు. ఐనను దాని అపాయము దాని అంచుతోనే ముగియును. నాలుగు బారల దూరమున నిలుచున్నవానికి దానివలన భయము లేదు.

ఇక ఒంటి కత్తి సంగతి. పొలముగట్టున నడచు పిల్లవాడు చేతిలోని బెత్తముతో గడ్డిని మెల్లగా నెట్టినచో అది వంగి మరల లేచును. అదే బెత్తమును విసురుగా త్రిప్పినచో గడ్డి తలలు తెగిపడును. గడ్డిని ఎవరును పట్టుకొనలేదు గదా, ఎట్లు తెగినది? వంగుటకు కూడ కాడకు కొంత కాలము కావలెను. దెబ్బ ఆ కాలమును ఇయ్యనిచో కాడ తన జడత్వమే తనకు ఊతగా నిలిచి తెగిపోవును. రెండవ అలుగు చేయవలసిన పనిని ఇచట వేగము చేసినది. ఆ వేగము స్వల్పమైనది కాదు. పదునైన అలుగునకు లేతగడ్డి తక్కువ వేగముననే తెగినను, అలుగు మొద్దుబారుటను, కాడ ముదురుటను, గడ్డి తడిసియుండుటను లెక్కించి నిర్మాతలు కత్తి కొనకు సెకనుకు 50 మొదలు 90 మీటర్ల వరకు వేగమును కల్పింతురు.

మనిషి చేతికి గాని, గుఱ్ఱపు నడకకు గాని అట్టి వేగము అందదు. కనుకనే ఈ పద్ధతి తేలికయైన పెట్రోలు ఇంజను కొరకు వేచియుండవలసి వచ్చినది. 1933లో ఇంగ్లండున రోటోసైత్ అను పేర అట్టి యంత్రమొకటి బజారులోనికి వచ్చినది. 1952లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున మెర్విన్ విక్టర్ రిచర్డ్‌సన్ అనునాయన పీచ్ పండ్ల ఖాళీడబ్బాను పెట్రోలు తొట్టిగా బిగించి ఒక యంత్రమును తయారుచేసెను. విక్టా అను పేరుతో అది ఇంటింటికిని ప్రాకి, ఆ దేశమునకు గుర్తువంటిదై, 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడల ప్రారంభోత్సవమునందు కూడ ప్రదర్శింపబడినది.

తోటయంత్రములు మనిషి తోసికొనిపోవునవి. ట్రాక్టరు శక్తిని దీనికి జోడించుటకు మరి రెండు ఏర్పాట్లు కావలసివచ్చినవి. ఇంజను శక్తిని వెనుకనున్న పరికరమునకు అందించు పి.టి.ఓ. ఇరుసును అమెరికాలో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ సంస్థ 1918 ప్రాంతమున తన ట్రాక్టర్లకు అమర్చినది. 1920లలో ఆ ఇరుసు వేగము నిమిషమునకు సుమారు 540 చుట్లని ఇంజనీర్లు ప్రమాణము నిర్ణయించిరి. మన ట్రాక్టర్లపై నేటికిని కానవచ్చు అంకె అదియే. రెండవది హ్యారీ ఫెర్గూసన్ కల్పించిన మూడు బిందువుల తగులు. 1939లో ఫోర్డు ట్రాక్టరుతో అది లోకమునకు పరిచితమైనది. ఈ రెండును సమకూడిన పిదప, 1940ల చివర ఇల్లినాయి రాష్ట్రమున వుడ్స్ సోదరులు ట్రాక్టరుతో నడచు తిరుగుడు కోత యంత్రములను తయారుచేసిరి. 1951లో అలబామా రాష్ట్రపు సెల్మా పట్టణమున బుష్ హాగ్ అను సంస్థ వెలసినది. పొదల పంది యని ఆ పేరునకర్థము. అమెరికా రైతులు నేడు ఏ సంస్థ చేసిన యంత్రమునైనను ఆ పేరుతోనే పిలుచుట కలదు.

ఇప్పుడొక చిన్న లెక్క. నా విద్యార్థులకు వర్తుల చలనము బోధించునపుడు దీనినే ఇచ్చుచుందును; ఫలితమును చూచి వారు లెక్కను మరల సరిచూచుకొందురు. కత్తులు తిరుగు వృత్తము వ్యాసము ఆరడుగులు, అనగా 1.83 మీటర్లు. గేరుపెట్టె పి.టి.ఓ. వేగమును పెంచి కత్తులను నిమిషమునకు 800 చుట్లు త్రిప్పుననుకొందము. కొన వేగము సెకనుకు 76 మీటర్లకు పైగా వచ్చును; గంటకు సుమారు 275 కిలోమీటర్లు. ఉసిరికాయంత రాయి, 50 గ్రాములది, ఈ వేగముతో బయలుదేరినచో దాని చలనశక్తి 145 జౌల్‌ల చుట్టుప్రక్కల నుండును. 160 గ్రాముల క్రికెట్ బంతిని వేగపు బౌలరు గంటకు 140 కిలోమీటర్ల వేగముతో విసరినచో దాని చలనశక్తి సుమారు 120 జౌల్‌లు మాత్రమే. బంతి నున్నగా, గుండ్రముగా నుండును, రాతికి అంచులుండును. బంతి వచ్చునని ఆటగానికి తెలియును.

రాయి కత్తి వేగమును మించి పోవుటకు కూడ వీలున్నది. బిళ్ళంగోడు ఆడినవారికి ఇది అనుభవమే. బరువైన కఱ్ఱ తగిలిన తేలిక బిళ్ళ కఱ్ఱకంటె వడిగా పోవును. సిద్ధాంతమున రెండింతల వేగము వరకు సాధ్యము; రాయి పగులుట వలనను, దెబ్బ ఏటవాలుగా తగులుట వలనను అంత వేగము అరుదు. గాలి నిరోధము లేనిచో మన లెక్కలోని రాయి ఆరువందల మీటర్లు పోగలదు. గాలి దానిని బాగుగా తగ్గించును. ఐనను మూడువందల అడుగులు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు వస్తువులు ఎగురునని అమెరికాలోని వ్యవసాయ విస్తరణ శాఖలు రైతులను హెచ్చరించుచున్నవి. ఇక దిక్కు. వడిసెలనుండి విడివడిన రాయివలె ఇదియు స్పర్శరేఖ వెంబడి బయలుదేరును. మంచెపై వడిసెల త్రిప్పువాడు ఏ క్షణమున విడువవలెనో ఎరుగును. యంత్రము ఎరుగదు, వృత్తములో ఏ బిందువున రాయి తగులునో ఆ బిందువును బట్టి దిక్కు. రాతికంటె భయంకరమైనది తెగిన కంచెతీగ ముక్క. అది బాణమువలె పోవును.

మొదటి నిర్మాతలు రాళ్ళు మొద్దులు తగులునని ఎరుగనివారు కారు. కత్తులను ఇరుసునకు బిగింపక, మడతబందు వలె వెనుకకు తిరుగునట్లు ఒక బోలుటుపై వ్రేలాడదీసిరి. మొద్దులపై జారిపోవుటకు కత్తుల నడుమ గుండ్రని పళ్ళెము నమర్చిరి. బలమైన అడ్డు తగిలినపుడు తెగిపోవు మెత్తని బోలుటును, జారిపోవు క్లచ్చిని పెట్టిరి. ఇవన్నియు మంచి ఉపాయములే, కాని గేరుపెట్టెను కాపాడునవి. యంత్రమును రక్షించు ఉపాయములు యంత్రముతో పాటే పుట్టినవి. మనిషిని రక్షించునవి వెనుక నడచివచ్చినవి. గేరుపెట్టె విరిగిన యజమాని దుకాణమునకు వచ్చి అడుగును గాని, దారిన పోవుచు దెబ్బతిన్నవాడు ఏ దుకాణమునకు పోవును?

మడతకత్తి మెత్తగా నుండునని కొందరు తలతురు. అది భ్రమ. ఐదు కిలోల కత్తి, దాని గురుత్వ కేంద్రము ఇరుసునుండి 70 సెంటీమీటర్ల దూరమున నుండి, 800 చుట్ల వేగముతో తిరుగునపుడు దానిని వెలుపలికి లాగు బలము సుమారు రెండున్నర టన్నుల బరువునకు సమానము. అంత బిగువుగా లాగబడిన కత్తి మొద్దునకు వంగునేమో గాని ఉసిరికాయంత రాతికి వంగదు. ఆ బలమంతయు ఒక బోలుటుపై నుండుననునది కూడ మరువరాదు. బోలుటు అరిగి తెగినచో ఎగురునది రాయి కాదు, కత్తియే.

1956లో అమెరికా ప్రభుత్వము దేశవ్యాప్తముగా విశాలమైన రహదారుల నిర్మాణమునకు చట్టము చేసినది. ఆ దారుల ప్రక్కలను గడ్డి పెరిగెను. దానిని కోయుటకు పొలములోని యంత్రము దారిమీదికి వచ్చెను. ఒంటరి పొలములో ఎగిరిన రాయి వట్టి నేలపై పడెడిది. దారిప్రక్కన ఎగిరినది మోటారుకారు అద్దమునకు తగులును. కప్పును అన్నివైపుల నేలవరకు దించిన సరిపోవును గదా యని పాఠకులు అడుగవచ్చును. అట్లు చేసినచో ముందునుండి గడ్డి లోనికి రాదు, నరికిన చెత్త వెనుకనుండి బయటకు పోదు. గడ్డికి దారి ఇచ్చి రాతికి ఇయ్యకుండుట ఎట్లు? చిక్కంతయు ఇచటనే యున్నది.

దానికి దొరికిన సమాధానము గొలుసుల తెర. కప్పునకు ముందును వెనుకను, ఒకదాని ప్రక్క నొకటిగా చిన్న ఇనుప గొలుసులను వ్రేలాడదీయుదురు. దుకాణపు గుమ్మమున వ్రేలాడు పూసల తెర మనిషికి దారి ఇచ్చునట్లు ఇది గడ్డికి దారి ఇచ్చును. రాయి తగిలినపుడు గొలుసు ఊగి దాని శక్తిని తాను తీసికొనును. ఎంత సామాన్యమైన వస్తువు! ఐనను చాల యంత్రములకు దీనిని విడిగా వెలకట్టి అమ్మిరి. జనసంచారము గల చోట గొలుసులు లేకుండ నడుపరాదని నిర్మాతల పుస్తకములలోనే వ్రాసియుండగా, గొలుసులు లేని యంత్రమును అమ్ముటలోని న్యాయము నాకు బోధపడదు. పశుగ్రాసము కోయు డిస్కు యంత్రములకు గొలుసులకు బదులు మందపు గుడ్డ తెరలు కట్టుట ఆచారమైనది. ట్రాక్టరు నడుపువాని రక్షణకు కొన్నింట పాలికార్బొనేటు పలకలు వచ్చినవి. అద్దమువలె కనిపించి అద్దమువలె పగులని ఈ పదార్థమును 1953లో జర్మనీలోను, అమెరికాలోను వేర్వేరుగా కనుగొనిరి.

చట్టములు నెమ్మదిగా వచ్చినవి. అమెరికాలో చేతితో తోయు యంత్రములకు, పిడి విడిచిన మూడు సెకండ్లలో కత్తి ఆగవలెనను నియమము 1979లో వెలువడి 1982లో అమలునకు వచ్చినది. అది కత్తికి తగులు చేతులను, కాళ్ళను కాపాడునదే గాని ఎగిరెడు రాతికి సంబంధించినది కాదు. వ్యవసాయమునకు వాడు తిరుగుడు కోత యంత్రముల నుండి ఎగురు వస్తువులను పరీక్షించు పద్ధతిని అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ 2012లో 17101 సంఖ్యతో ప్రకటించినది. యంత్రము చుట్టును ఫలకములు నిలిపి, ఎగిరివచ్చు వస్తువులు వానిపై చేసిన చిల్లులను లెక్కించుట ఇట్టి పరీక్షల మూలసూత్రము. వుడ్స్ సోదరుల నాటినుండి అప్పటికి అరువదేండ్లు దాటినవి.

తెలుగునాట ఈ జాతి యంత్రములు పండ్లతోటలలో కలుపు నరుకుటకు, పత్తి ఏరుట ముగిసిన తరువాత కట్టెను ముక్కలు చేయుటకు వచ్చినవి. గులాబిరంగు కాయతొలుచు పురుగు కట్టెలో నిలిచియుండకుండుటకై ష్రెడ్డరు వాడుమని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు, మంచి సలహాయే. కాని మనవైపు ట్రాక్టరునకు కొన్ని అలవాట్లున్నవి. మడ్గార్డుపై ఒకరో ఇద్దరో కూర్చుందురు. దుక్కి దున్నునపుడు కొంగలతో పాటు పిల్లలును వెనుక నడతురు. నాగలి వెనుక నడచుటకు అలవడిన పిల్లలు స్లాషరు వెనుకను నడతురు. చెత్త బయటకు పోవు దారి వెనుకవైపుననే కలదు. గొలుసులు తెగిపోయి యుండిన అది తెరచిన తలుపే. మూడువందల అడుగుల లెక్క పొలములో ఉన్నవారికే గాక, గట్టు అవతలి బాటపై పోవువారికిని, ప్రక్క చేనిలో వంగి కలుపు తీయువారికిని వర్తించును. కనుక బాట వైపు సాలు వచ్చినపుడు మనుషులు దాటిపోవువరకు పి.టి.ఓ. ఆపి నిలుచుట నడుపువాని పని. సాలు చివర మలుపులో కత్తులు తిరుగుచుండగనే యంత్రమును పైకెత్తుట కూడ మన అలవాటులలో నొకటి. అట్లెత్తినపుడు గొలుసులు నేలను వదలును, కప్పు క్రింది సందు మూరెడగును.

ఇంతకు మించి రాయి ఎగురుటకు ముందే చేయదగిన పని ఒకటున్నది. యంత్రము దిగకముందు చేనిలో ఒకసారి కాలినడకన తిరిగి, తీగముక్కలు, రాళ్ళు, సీసాలు ఏరవలెను. పెకలింపరాని బండకు ప్రక్కన, గడ్డికంటె ఎత్తుగా, ఎఱ్ఱగుడ్డ కట్టిన కఱ్ఱ పాతవలెను. బాట ప్రక్కనున్న గట్టును మరింత శ్రద్ధగా చూడవలెను; పాత కంచెల తీగలు మిగులునది అచటనే.